బాబిన్ విన్నంత కాలం

మా వదినకి చెవులు వినపడవు. ఈ సంగతి తొమ్మిదేళ్ళపాటు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆవిడ పెంచుకున్న కుక్కకి తప్ప.

వదినంటే మా ఆయనకి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు గానీ, నా విషయంలో ఆవిడ పూర్తి మొగుడూ, పైన ఇంకో సగమూ. నేను మందులషాపులో పని చేస్తాను. అక్కడ వేసుకునే తెల్లకోటు భుజం అరంగుళం జారిందని, కౌంటరు ముందు నలుగురుండగా నా చేత విప్పించి పట్టుకెళ్ళి, సాయంత్రానికి సరిచేసి తెచ్చిచ్చిన మనిషి. "కొన్నప్పుడే చూసుకోవద్దూ? కళ్ళున్నాయి కదా!" అని పైగా ఒక చురక. నా నోరూ తక్కువది కాదు. ఆవిడ ఒకటంటే నేను రెండనేదాన్ని, నేను రెండంటే ఆవిడ నాలుగు. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి మా ఇద్దరికీ, సుఖంగానే.

ఆవిడది బట్టలు సరిచేసే పని. కొత్తవి కుట్టదు. పొడుగు ప్యాంట్లు కత్తిరించి అంచు మడవడం, నడుములు బిగించడం, జిప్పులు మార్చడం, చిరిగిన కాజాలు మళ్ళీ కుట్టడం. "కొత్తది ఎవరైనా కుడతారు. ఒకడు కుట్టింది విప్పి సరిచెయ్యాలంటే, వాడెక్కడ తప్పాడో ముందు తెలియాలి" అనేది. వీధివైపు ముందు గది షాపు, వెనక గదిలో వంటా పడకా. వీధి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, దుమ్ము పడుతుందని. పక్కన అద్దాల కిటికీ, గుమ్మానికి బెల్లు. మిషను మాత్రం గోడకి ఎదురుగా, వీధికి వీపు పెట్టి ఉంటుంది. ఆ గోడకి ఒక నిలువుటద్దం. బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి కాబోలనుకునేవాళ్ళం అందరం. గోడలకి చెవులుంటాయంటారు, మా వదిన గోడకి కళ్ళు పెట్టుకుంది. ఆ అద్దంలో కిటికీ కనిపిస్తుంది, కిటికీలో మనిషి కనిపిస్తాడు.

ఇక కుక్క. పిల్లగా ఉన్నప్పుడు మిషనులోంచి తీసి పెట్టిన బాబిన్, అదే దారం చుట్టిన చిన్న చక్రం, నోట కరుచుకుని రెండు గదులూ తిరిగి, మంచం కాళ్ళకీ కుర్చీలకీ దారం చుట్టబెట్టింది. ఆ రోజు నుంచి దాని పేరే బాబిన్. గోధుమరంగు, ఒక చెవి నలుపు. బెల్లు మోగితే అది లేచేది, దాన్ని చూసి వదిన లేచేది. కెటిల్ కూత పెడితే అది వంటగది వైపు తల తిప్పేది, వదిన వెళ్ళి స్టవ్ కట్టేది. బెల్లు రెండోసారి నొక్కకముందే ఆవిడ తలుపు తీసేది. "ఎంతసేపయింది వచ్చి?" అని అడిగేది తప్పనిసరిగా. "ఇప్పుడే" అనేవాళ్ళం. ఆ ప్రశ్న మర్యాద అనుకున్నాం. అది మర్యాద కాదు, పరీక్ష.

ఫోనెత్తదు. "మిషను చప్పుడులో వినపడి చావదు, మెసేజి పెట్టు" అంటుంది. కొలతలు నోటితో చెప్పనివ్వదు. "రేపు కాదంటారు, రాసివ్వండి" అని చీటీ ముందుకి తోస్తుంది. మా ఇంటికొస్తే అందరి మొహాలూ కనిపించేలా మూల కుర్చీలో కూర్చుంటుంది, కాళ్ళ దగ్గర కుక్క. నాకు తిక్కరేగి ఎన్నిసార్లు అన్నానో, "మీతో మాట్లాడ్డం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే వదినా!" అని. ఆవిడ నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కరుచుకోవాలనిపిస్తుంది.

దాచడానికి కారణం మా ఆయన. ఆయన నూలుమిల్లులో సేఫ్టీ ఆఫీసరు. ప్రమాదం ఎటునుంచి వస్తుందా అని చూడ్డమే ఆయనకి జీతమిచ్చే పని, ఇంటికొచ్చాక జీతం లేకుండా కూడా అదే చేస్తాడు. మా వంటింట్లో గ్యాసు సిలిండరు పక్కన పెన్సిల్‌తో రాసిన తనిఖీ తారీఖులుంటాయి. షాపు వెనక గదిలో అక్క ఒంటరిగా ఉండడం ఆయనకి మొదట్నుంచీ ఇష్టం లేదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఏ చిన్న తేడా కనిపించినా షాపు మూసేసి మా ఇంటికొచ్చెయ్యాలి. మాది మూడో అంతస్తులో రెండు గదుల వాటా. మిషను పట్టదు, గిరాకీ ఎక్కదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పద్దెనిమిదో ఏట నుంచీ తన సంపాదన తను తిన్న మనిషి, మా సోఫా మీద కూర్చుని ఏం చెయ్యాలి? వదిన దృష్టిలో అది ప్రాణం పోవడానికి రెండు మెట్లే తక్కువ.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ మా మందులషాపుకొచ్చింది. వెంట కుక్క లేదు. కుక్క లేకుండా ఆవిణ్ణి గడప దాటగా చూడ్డం నాకదే మొదటిసారి.

"ఏమే, కుక్కలకి ముసలితనం ఆపే మందుంటుందట కదా? ఏదో యాంటీ ఆక్సిడెంట్లట. ప్యాంటు ఇవ్వడానికొచ్చినావిడ చెప్పింది. ఇయ్యి" అంది.

"ముసలితనానికి మందుంటే ముందు నేనే మింగేదాన్ని" అన్నాను. "దానికేమైంది?"

"పన్నెండేళ్ళొచ్చాయి. ఎవరొచ్చినా లేవట్లేదు. అస్తమానం గోడకేసి చూస్తూ నిలబడుతోంది."

"మీ తమ్ముడూ అంతేగా!"

ఆవిడ నవ్వలేదు. చేతిలో సంచి పట్టీ మెలిపెడుతోంది. చింత చచ్చినా పులుపు చావని మనిషి, ఇలా నీరుగారిపోయిందేమిటా అనుకున్నాను. అక్కడున్న మనుషుల విటమిను సీసా చూపించి అదిమ్మంది. "బాగుంది! మనుషుల బిళ్ళల్లో కొన్నిట్లో తీపికోసం కలిపేది కుక్కల ప్రాణం మీదికి తెస్తుంది. వాటి మందులు వేరే ఉంటాయి, అవీ డాక్టరు చూసి చెప్పాలి" అన్నాను. అని, పై అరలో ఏదైనా ఉందేమోనని వెనక్కి తిరిగి, "దాని బరువెంత?" అని అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు.

సరిగ్గా అప్పుడే మా ఓనరు సిరప్పు సీసాల ట్రే జారవిడిచాడు. షాపంతా ఉలిక్కిపడింది. నేను కెవ్వుమన్నాను. నా ముందున్న బీరువా అద్దాల తలుపులో వదిన నీడ కనిపిస్తోంది నాకు. కదల్లేదు. వెనకాల అంత మోత మోగినా, మందుల అట్టపెట్టె మీద బొమ్మ చూస్తూ నిలబడింది.

ఆవిడకి వినపడలేదని తోచింది. అయినా నమ్మకం కలగలేదు. వీపు తిప్పుకునే, పన్నెండేళ్ళుగా అనాలని అనుకుంటున్న మాట అన్నాను. "వదినా, మీరు మా ఇంటికి కుట్టిన కర్టెన్లు రెండంగుళాలు పొట్టి."

తన కుట్టుకి పేరు పెడితే మా వదిన ఊరుకోదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా ఎవరికైనా. అలాంటి మనిషి ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. తిరిగి చూశాను. ఆవిడ నా పెదవులకేసి చూస్తోంది, ఇప్పుడేమంటానా అని ఎదురుచూస్తూ. ఇన్నాళ్ళూ నా మొహంలోకి అలా చూస్తుంటే, తప్పులు వెతుకుతోందనుకున్నాను.

చెయ్యి పట్టుకుని వెనక గోడౌన్లోకి తీసుకెళ్ళాను. ఎదురుగా నిలబడి, మెల్లగా అడిగాను. "ఎన్నాళ్ళయింది?"

ఎడమ చెవి తాకి చూపించింది. "ఎడమది మొదట పోయింది, జ్వరమొచ్చినప్పుడు. కుడిది మెల్లగా. తొమ్మిదేళ్ళు. చెవికి మిషను పెట్టించుకుని చూశానే. మోత వస్తుంది, మాట రాదు. విసిరికొట్టాను." అప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. "తమ్ముడికి చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. వాడికి తెలిస్తే మర్నాడే షాపుకి తాళం. బాబిన్ ఉన్నంతకాలం నాకు భయం లేదు. దాన్నే కొంచెం నిలబెట్టుకోవాలి, అంతే."

దణ్ణం పెడతానంది, నాతో! దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది. సరేనన్నాను. ఆ క్షణం నుంచి నా నిద్ర పోయింది.

మర్నాడే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ మొహానికి మాస్కు పెట్టుకుంది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ వదిన నాకేసే చూస్తోంది. నేను ప్రతి మాటా నా నోటితో మళ్ళీ అంటున్నాను. డాక్టరమ్మ నన్ను వింతగా చూసింది, పిచ్చిదాన్నేమో అన్నట్టు. పోనీలే, ఒకరి పరువు నిలబడాలంటే ఇంకొకరిది పోవాలి.

"పిలిస్తే పలుకుతోందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఓ, బ్రహ్మాండంగా. నేను పిలిచానంటే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి వస్తుంది" అంది వదిన. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే నేనూ ఆలోచించలేదు.

డాక్టరమ్మ నోరు చూసింది, కళ్ళు చూసింది, వెనక కాళ్ళు వంచి చూసింది. వయసుతో కొన్నిటికి మెదడు మందగిస్తుందని, ఒంట్లో కణాలు రోజూ అరిగి పాడవడానికి యాంటీ ఆక్సిడెంట్లు కొంత అడ్డం పడతాయని చెప్పింది. విటమిన్ ఇ లాంటివి, చేపనూనె కలిసిన పొడి ఒకటి రాసింది. "కొన్నిటికి పనిచేస్తుంది, కొన్నిటికి తేడా తెలియదు. రెండు మూడు నెలలు చూడాలి. పోయిన వయసు మాత్రం తిరిగి రాదు. బరువుని బట్టి రోజుకి ఒక్క చెంచా. ఎక్కువ వెయ్యకండి."

నేను పెదాలు విప్పి, చూపుడువేలు కూడా ఎత్తి చూపించాను. ఒక్క చెంచా.

మిషనుకి ఒక చుక్క నూనెతో బాగా తిరిగితే రెండు చుక్కలతో ఇంకా బాగా తిరుగుతుందని నమ్మే మనిషి ఒక్క చెంచాతో ఆగుతుందా? నాలుగో రోజుకి బాబిన్‌కి విరేచనాలు. నేను వెళ్ళేసరికి ఆవిడ నేల తుడుస్తూ ఏడుస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మందంటే మందే! కొన్ని విటమిన్లు బయటికి పోవు, ఒంట్లోనే పేరుకుపోతాయి. చంపుతారా దాన్ని?" అని అరిచాను. అరిచి ఏం లాభం, ఆవిడకి నా అరుపు చేరదు, నా మొహం చేరుతుంది. మొహం చూసి దడుచుకుంది. ఆ తర్వాత నేనే చెంచాకి గీత పెట్టి ఇచ్చాను. దాని బరువు చూసి రాసి, డబ్బా మీద అంటించాను.

అప్పట్నుంచి రోజూ ఉదయం షాపుకెళ్ళే ముందు వాళ్ళ గుమ్మంలో ఆగేదాన్ని. బెల్లు నొక్కి లోపల్లోపల లెక్కపెట్టేదాన్ని. ఒకప్పుడు అయిదు లెక్కపెట్టేలోగా తలుపు తెరుచుకునేది. ఇప్పుడు ఇరవై, ముప్పై. ఒకరోజు అరవై దాటింది. అప్పటికి వదిన తలెత్తి అద్దంలో నన్ను చూసుకుందన్నమాట, కుక్క చెప్పి కాదు. "ఎంతసేపయింది వచ్చి?" అనేది, మొహం పాలిపోయి. "ఇప్పుడే" అనేదాన్ని. ఆవిడ నమ్మేది కాదు. నేను నమ్మించగలిగేదాన్నీ కాదు.

ఇంటికొస్తే తేలు కుట్టిన దొంగలా ఉండేదాన్ని. మా ఆయన అన్నం తింటూ "అక్క బాగుందా?" అంటే కూరగిన్నె ఆయన ముందుకి జరిపేదాన్ని. బాగానే ఉంది అనేదాన్ని. స్టవ్ మీద ఏదైనా పెట్టి మర్చిపోతే? ఎవరైనా మంటలని అరిస్తే? అప్పుడు ఆయన నన్ను చూసే చూపు ఎలా ఉంటుంది? "తెలిసి ఊరుకున్నావా?" అనే ఒక్క మాట చాలదూ, నేను చచ్చేదాకా మోయడానికి? చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. నా చేతులు పట్టుకున్న ఆవిడ చేతులు గుర్తొచ్చి మూశాను.

వదిన పొడి మానలేదు. గుడ్డు ఉడకబెట్టి, నలిపి, అందులో కలిపి, అది నాకి నాకి గిన్నె ఖాళీ చేసేదాకా పక్కనే కూర్చునేది. "ఇవాళ కళ్ళు తేటగా లేవూ? నడక చురుగ్గా లేదూ?" అని నన్నడిగేది. నిజానికి బొచ్చు కాస్త మెరుస్తున్నట్టే ఉంది, నడకా మెరుగే. కానీ బెల్లు మోగితే మాత్రం లేవదు. వెళ్ళి అద్దం ముందు నిలబడుతుంది, గోడకేసి చూస్తూ. నెలన్నర అయింది.

ఒక ఆదివారం ఉదయం మా ఆయన చెప్పాపెట్టకుండా అక్క ఇంటికెళ్ళాడు. గంటలో తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"మూడుసార్లు బెల్లు కొట్టానే. తియ్యలేదు. కిటికీలోంచి చూశాను. అక్క మిషను ఆపేసి కుక్కకేసి చూస్తోంది. కుక్క ఎదురుగా కూర్చుని అక్కకేసి చూస్తోంది. అంతే, ఇద్దరూ అలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. కిటికీ అద్దం బాదాను. కదల్లేదు. నా దగ్గరున్న తాళంచెవితో తీసుకుని లోపలికెళ్తే దడుసుకుని చేతిలో సూది గుచ్చుకుంది. వంటింట్లో కెటిల్ మాడిపోయి ఉంది." అప్పుడు వంగి చెప్పులు విప్పాడు. "అక్కకి మతి తప్పుతోంది. నెలాఖరుకి షాపు ఖాళీ చేయిద్దాం. అక్కతో చెప్పేశాను కూడా."

ఆయన చెప్పిన మిగతాదంతా ఒక ఎత్తు, ఆ చూసుకోవడం ఒక ఎత్తు. అదేమిటో నాకు అర్థమైనట్టే ఉంది, పూర్తిగా అందట్లేదు.

పరుగున వెళ్ళాను. వదిన మిషను మీద గుడ్డ కప్పేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మిషను మీద పగటిపూట గుడ్డ చూడ్డం నాకు శవం మీద చూసినట్టనిపించింది. ఎదురుగా కూర్చుని, తమ్ముడు కిటికీలోంచి ఏం చూశాడో చెప్పాను.

"మేమిద్దరం చూసుకుంటున్నామా?" అంది.

"అవునట."

"నేను దాన్ని చూస్తానే, ఎవరైనా వచ్చారేమో తెలుసుకోవడానికి. అది నన్నెందుకు చూస్తుంది?"

ఇద్దరం బాబిన్ వైపు చూశాం. అది అటు తిరిగి పడుకుని ఉంది. వదిన లేచి, నా చేతికి రెండు స్టీలు మూతలిచ్చి, దాని వెనక్కి వెళ్ళమని సైగ చేసింది. గదిలో అటువైపు నుంచి, నేల అదరకుండా, గాల్లో రెండు మూతలూ ఫెడేలుమని కొట్టాను. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. బాబిన్ చెవి కూడా కదల్లేదు.

వదిన కాలితో నేలమీద ఒక్కసారి తట్టింది. అది వెంటనే తలెత్తి, తోకూపుతూ వచ్చింది.

అప్పుడు అర్థమైంది, నాకూ ఆవిడకీ. మా వదిన కుక్కని నోటితో పిలవదు. చెవులు పోయినప్పట్నుంచీ కాలితో తట్టడమే. అందుకే డాక్టరమ్మకి అలా చెప్పింది, పిలిస్తే వస్తుందని. వేరే ఎవరింట్లో అయినా మొదటి వారమే తెలిసిపోయే సంగతి, ఈ ఇంట్లో ఇన్ని నెలలు దాగింది.

"దీనికి మతి పోలేదే" అంది వదిన. నేలమీద చతికిలబడి దాని తల ఒళ్ళోకి తీసుకుంది. "చెవులు పోయాయి. గోడ చూడట్లేదు ఇది. అద్దంలో గుమ్మం చూస్తోంది. నన్ను చూసి నేర్చుకుంది. నేను లేస్తే అదీ లేద్దామని నా మొహం చూస్తూ కూర్చుంటోంది. నేనేమో దాని మొహం చూస్తూ..." ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "గుమ్మంలో మనిషి నిలబడి నిలబడి వెళ్ళిపోతాడు. మేమిద్దరం మాత్రం ఒకరి మీద ఒకరు నమ్మకం పెట్టుకుని కూర్చుంటాం. నా దగ్గరే దాచిందే, దొంగముండ! నా దగ్గరే!"

నేనూ ఏడ్చాను. సిగ్గెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను.

సోమవారం డాక్టరమ్మ చప్పట్లు కొట్టి, ఈల వేసి చూసి, అదేనంది. ఈ పొడితో చెవులు తిరిగిరావని కూడా మాస్కు దించి మరీ చెప్పింది. ఎందుకు దించిందో, వదిన సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో నన్నడక్కండి. చెప్పాల్సిన చోట చెప్పడం మొదలుపెట్టాలి కదా ఎక్కడో ఒకచోట.

ఆ సాయంత్రమే వదిన మా ఇంటికొచ్చింది, కుక్కతో. మూడంతస్తులు ఎక్కలేక అది మధ్యలో రెండుసార్లు కూర్చుంది. మూల కుర్చీలో కాకుండా తమ్ముడికి ఎదురుగా కూర్చుంది. "నాకు మతి సరిగ్గానే ఉందిరా. చెవులే లేవు. తొమ్మిదేళ్ళయింది. ఇంతవరకూ ఇది నాకు చెవులు. ఇప్పుడు దీనికీ పోయాయి. ఇంక దాచడానికి నా దగ్గర కుక్క లేదు. నీ ఇష్టం" అంది.

ఆయన అరుస్తాడనుకున్నాను. నాకేసి తిరిగి "నీకు తెలుసా?" అంటాడనుకుని గోడకి అతుక్కుపోయాను. ఆయన అక్కకేసే చూస్తూ, చిన్నపిల్లాడిలా అడిగాడు. "అయితే, మిల్లు ప్రమాదంలో ఇద్దరు చచ్చిపోయిన ఏడాది, నీ దగ్గరకొచ్చి నీ మిషను వెనక కూర్చుని... అవేవీ నీకు వినపడలేదా?"

ఆయన అలా వెళ్ళిన సంగతే నాకు తెలియదు. వారం వారం అక్క దగ్గరికెళ్ళి నాకు కూడా చెప్పుకోలేనిదంతా ఆవిడ వీపుకి చెప్పుకున్నాడట, మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక. ఆవిడ ఊఁ కొట్టేదట.

"లేదురా" అంది వదిన. "అద్దంలో నీ భుజాలు కనిపించేవి. ఏడుస్తున్నావని తెలిసేది. ఎందుకో తెలిసేది కాదు. మిషను ఆపితే లేచి వెళ్ళిపోతావని, ఉత్త సూదితో కుడుతూ కూర్చునేదాన్ని."

ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి వచ్చాడు, కళ్ళు తుడుచుకుని, ఆఫీసు గొంతు తెచ్చుకుని. "మా మిల్లు హాల్లో యంత్రాలు తిరుగుతుంటే నాలుగొందలమందికి ఏమీ వినపడదు. అందుకని అందర్నీ ఇంటికి పంపేశామా? ఎర్రలైటు పెట్టాం. అక్కా, ఇటు చూడు. నెలాఖరు మాట తీసేస్తున్నాను. కానీ మూణ్ణెల్లు చూస్తాను. ఒక్కసారి, ఒక్కసారి లైటు వెలిగి తలుపు తియ్యకపోయావో..." మాట పూర్తి చెయ్యలేదు. వదినకి పూర్తి అయినట్టే కనిపించింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నన్నడిగింది, "ఆ రోజు షాపులో నాకు వీపు పెట్టి ఏమన్నావే?"

"కర్టెన్లు రెండంగుళాలు పొట్టన్నాను."

సంచిలోంచి టేపు తీసి, కిటికీ దగ్గరికెళ్ళి కొలిచింది. "ఒకటిన్నరే. అబద్ధాల కోరు" అంది.

లైటు పెట్టారు, అద్దం పైన. బెల్లు నొక్కితే వెలిగి ఆరుతుంది, కెటిల్ మార్చి దానంతటది ఆగేది కొన్నారు. పొడి మానేద్దామా అంటే వదిన ఒప్పుకోలేదు. "చెవులకి కాదే. దానికి. ఇన్నాళ్ళూ నా కోసం వేశాను, ఇప్పుడు దానికోసం వేస్తాను" అంది. ఒక్క చెంచా, గీత దాకా. అది పనిచేస్తోందో, ఆవిడ పక్కన కూర్చోవడం పనిచేస్తోందో నాకు తెలియదు. మందులమ్మేదాన్ని నేను, తెలియనిది తెలుసనను.

నిన్న ఉదయం మామూలుగా గుమ్మంలో ఆగి బెల్లు నొక్కాను. కిటికీలోంచి చూస్తే లైటు వెలుగుతోంది, ఆరుతోంది. వదిన మిషను మీదికి ఒంగి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. తలెత్తదు. ఇంకోసారి నొక్కాను. ఎర్రగా వెలుగుతోంది, ఆరుతోంది. పది. పదిహేను. ఈ క్షణాన ఇక్కడ మా ఆయన నిలబడి ఉంటేనో? ఇరవై. తలెత్తు వదినా, ఒక్కసారి తలెత్తు.

అద్దం ముందు పడుకున్న బాబిన్ ఆ లైటుకేసి చూసింది. ముందు కాళ్ళు ఊతంచేసి, వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కూడదీసుకుని లేచింది. అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి, గడ్డం తీసుకెళ్ళి ఆవిడ మోకాలి మీద పెట్టింది. వదిన దాన్ని చూసింది. తర్వాత లైటుని చూసింది. సూది పక్కన పెట్టి లేచింది.

తలుపు తీసి, నా మొహంలోకి చూస్తూ అడిగింది. "ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే" అన్నాను.